సోమవారం పెద్దమ్మ రారు

పెద్దమ్మ బజారులోకి దిగిందంటే దుకాణాల వాళ్ళు షట్టర్లు సగం దించేసేవారు. దించితే మాత్రం వదులుతుందా? నడుం వంచి ఆ సగంలోంచే లోపలికొచ్చి, కుర్చీ లాక్కుని కూర్చునేది. "ఏం లేదు బాబూ, ఊరికే చూసి పోదామని వచ్చా" అనేది. ఆ ఊరికే చూడడం ఏమిటో బజారంతటికీ తెలుసు. చందా చేతిలో పడేదాకా లేచేది కాదు. విసుక్కున్నవాణ్ణి పిల్లల చదువులు అడిగేది, కసురుకున్నవాణ్ణి మంచినీళ్ళు అడిగేది, వెనక గదిలో దాక్కున్నవాడి పెళ్ళానికి ఫోన్ చేసేది. ఇంక ఇవ్వక ఛస్తాడా?

అలా పోగుచేసిన చందాలతోనే ఆవిడ ఒక వైద్యసేవా సంస్థ నడిపింది. ఏరు పొంగినప్పుడల్లా కొంపలు మునిగినవాళ్ళు శిబిరాల్లో తలదాచుకుని, నెలల తరబడి అక్కడే ఉండిపోయేవారు. వాళ్ళ దగ్గరికి డాక్టర్లు వెళ్ళరు, వాళ్ళు డాక్టర్ల దగ్గరికి రాలేరు. అందుకని పెద్దమ్మ ఒక పాత వ్యాను కొని, అందులో ఒక మంచం, మందుల బీరువా బిగించి, ఒక నర్సమ్మనీ డ్రైవరునీ పెట్టి శిబిరం శిబిరానికీ తిప్పేది. నిజానికి ఆవిడని పెద్దమ్మా అని పిలిచే హక్కు ఆవిడ చెల్లెలి కూతురు ఒక్కదానికే ఉంది. చిన్నప్పుడు సెలవులకొచ్చి ఆఫీసులో ఆడుకుంటూ ఆ పిల్ల పిలిచిన పిలుపు నర్సమ్మకీ డ్రైవరుకీ లెక్కలాయనకీ అంటుకుంది. చివరికి శిబిరాల్లో ఆవిడకంటే పెద్దవాళ్ళు కూడా పెద్దమ్మా అనడం మొదలుపెట్టారు. పైకి చిరాకుపడేది గాని, లోలోపల ఆవిడకి మహా సంతోషం.

ఆ చెల్లెలి కూతురే చదువు ముగించి, ఒక పెద్ద సంస్థలో కొన్నాళ్ళు పనిచేసి, "పెద్దమ్మా, ఇంక నీ దగ్గరే చేస్తా" అంటూ వచ్చింది. వచ్చీరాగానే లెక్కలాయన పక్కన చేరి ఖర్చులన్నీ చూసి మొహం వేలాడేసింది.

"వరదలు ఏటికేడు పెరుగుతున్నాయి. బజారు చందాలు డీజిలుకే చాలట్లేదు. ఇలాగైతే వచ్చే వానలకి వ్యాను షెడ్డులోంచి బయటికి రాదు పెద్దమ్మా."

"ఇంకో బజారు చూస్తాలే."

"బజార్లతో అయ్యేది కాదు. దాత సంస్థలని ఉంటాయి. ఇలాంటి పనులకి ఏళ్ళ తరబడి డబ్బివ్వడమే వాళ్ళ పని. మనం వాళ్ళని అడగాలి."

"అంతేనా? ఆఫీసెక్కడో చెప్పు. పొద్దున్నే వెళ్ళి కూర్చుంటా."

"కూర్చుంటే ఇచ్చేవాళ్ళు కాదు పెద్దమ్మా" అంటూ పిల్ల తల పట్టుకుంది.

తల పట్టుకున్నా పని మాత్రం మానలేదు. శిబిరాలన్నీ తిరిగి, ఎంతమందిని చూశారో, ఏ రోగాలు తగ్గాయో, ఏవి తగ్గలేదో అన్నీ గుచ్చి గుచ్చి అడిగి దరఖాస్తు రాసింది. తగ్గనివి ఎందుకే రాయడం, మన పరువు మనమే తీసుకోవడం కాకపోతే, అని పెద్దమ్మ సణుగుతూనే ఉంది. కొన్నాళ్ళకి దాత సంస్థ నుంచి ఒక ఆఫీసరమ్మ వచ్చింది. మెత్తగా మాట్లాడే మనిషి. వ్యాను ఎక్కి చూసింది, శిబిరంలో జనంతో మాట్లాడింది, నర్సమ్మ పని చూసి మెచ్చుకుంది. ఇంక వెళ్తుందనగా పెద్దమ్మ వైపు తిరిగింది.

"అమ్మా, మీకు ఒంట్లో బాగోక ఓ నెల రాలేకపోయారనుకోండి. ఇక్కడ పనెలా నడుస్తుంది?"

ఈ ప్రశ్న కోసమే పుట్టినట్టు పెద్దమ్మ నిటారుగా కూర్చుంది.

"నడవదు" అంది గర్వంగా. "నేను లేకపోతే ఇక్కడ పూచికపుల్ల కూడా కదలదు. మందుల బీరువా తాళం కూడా నా సంచిలోనే ఉంటుందమ్మా."

ఆఫీసరమ్మ ఏదో రాసుకుంది. చెల్లెలి కూతురి మొహంలో నెత్తురుచుక్క లేదు. పెద్దమ్మ మాత్రం ఆ సాయంత్రమంతా, ఎంత బాగా చెప్పానో చూశావా అని వాళ్ళాయనతో గొప్పలు పోయింది.

జవాబు వచ్చింది. పని చాలా బాగుందిట. కానీ సంస్థంతా ఒక్క మనిషి మీద నిలబడి ఉందిట. పని నలుగురి చేతుల్లోకీ వెళ్ళే ఏర్పాటు చేసుకుంటే, వానలకి ముందు మళ్ళీ వచ్చి చూస్తారుట.

పెద్దమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇన్నేళ్ళు ఒంటి చేత్తో ఈడ్చుకొచ్చానే, అదే నా తప్పయిందా? వాళ్ళ డబ్బూ వద్దు, వాళ్ళ నీతులూ వద్దు."

"తప్పని ఎవరన్నారు?" అంది పిల్ల. "వాళ్ళిచ్చేది నీకు కాదు పెద్దమ్మా, శిబిరాల్లో వాళ్ళకి. రేపు నువ్వు మంచాన పడితే వాళ్ళ గతేంటని అడుగుతున్నారు. నేనూ అదే అడుగుతున్నా."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. పెద్దమ్మ లేచి ఇంటికి వెళ్ళిపోయి, తలుపేసుకుని ఏడ్చింది. కొన్నాళ్ళు ఆ పిల్లతో ముక్తసరిగా మాట్లాడింది. తర్వాత ఒక పొద్దున్న ఆఫీసుకొచ్చి, తాళాల గుత్తి నర్సమ్మ చేతిలో పెట్టి "జాగ్రత్త" అంది.

అక్కణ్ణుంచి పిల్ల రెచ్చిపోయింది. మందులు ఏవి ఎప్పుడు కొనాలో నర్సమ్మే చూడాలంది. వ్యాను ఏ దారిన వెళ్ళాలో డ్రైవరే చెప్పాలంది. అప్పటిదాకా కమిటీ అంటే పెద్దమ్మ భర్తా, మరిదీను. చూపించిన చోటల్లా సంతకం పెట్టి టీ తాగి వెళ్ళేవారు. వాళ్ళని సగౌరవంగా ఇంటికి పంపి, ఒక డాక్టరమ్మనీ, రిటైరైన బ్యాంకు మేనేజరునీ తెచ్చి కూర్చోబెట్టింది. ఆయన ప్రతి ఖర్చుకీ ఎందుకు అని అడిగేవాడు. పెద్దమ్మని ఎందుకు అని అడిగిన మొదటి మగాడు ఆయనే. అన్నిటికీ మించి, ఆఫీసు గోడ మీది బోర్డులో ఒక ముక్క రాసింది: సోమవారం పెద్దమ్మ రారు.

మొదటి సోమవారం ఆవిడ వంటింట్లో డబ్బాలన్నీ దించి మళ్ళీ సర్దింది. రెండోసారి దించబోతుంటే వాళ్ళాయన "నువ్వు ఆఫీసుకి పోతావా, నన్ను పొమ్మంటావా?" అన్నాడు. ఆ తర్వాతి వారం ఆఫీసుకి ఎదురుగా ఉన్న టీకొట్టు దగ్గర డ్రైవరుకి దొరికిపోయింది.

"ఇవాళ సోమవారం పెద్దమ్మా."

"నాకు తెలుసు. టీ తాగుదామని వచ్చా."

"మీకీ టీ పడదుగా."

"ఇవాళ పడింది. నువ్వు నీ పని చూసుకో" అంది కాని, చెవులు మాత్రం ఆఫీసు కిటికీ వైపే ఉన్నాయి. లోపల ఎవరో నవ్వుతున్నారు. తను లేకుండా నవ్వుకుంటున్నారని కాస్త కష్టంగానే అనిపించింది.

మెల్లమెల్లగా అలవాటైంది. సోమవారానికి మంగళవారం తోడైంది. ఒకసారి వారం రోజులు చెల్లెలి ఊరు కూడా వెళ్ళొచ్చింది. ఆ వారమే అకాలపు వాన పడింది. కంగారుగా ఫోన్ చేస్తే "అంతా బానే ఉంది, మీరు హాయిగా ఉండండి" అంది నర్సమ్మ.

వానలు దగ్గరపడుతుండగా ఆఫీసరమ్మ అన్న మాట ప్రకారం మళ్ళీ వచ్చింది. ఈసారి పెద్దమ్మ నోటికి తాళం వేసుకుని ఓ మూల కూర్చుంది. ఆఫీసరమ్మ నర్సమ్మని అడిగింది.

"మొన్న అకాలపు వాన పడ్డప్పుడు ఏం చేశారు?"

నర్సమ్మ భయంభయంగా పెద్దమ్మ వైపు చూసింది.

"తెల్లారేసరికి ఒడ్డు శిబిరంలోకి నీళ్ళొచ్చేశాయండి. నెలలు నిండినవాళ్ళు, కదల్లేని ముసలివాళ్ళు ఉన్నారు. వ్యానులో మంచం, బీరువా విప్పించి గట్టున పడేసి, మనుషుల్ని ఎక్కించాం. మిట్ట మీద బడి ఉందండి. తాళం పగలగొట్టించి అందరినీ అందులో దించాం."

"అలా చెయ్యమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండి. నేనే."

"పెద్దమ్మగారిని అడగలేదా?"

"అడిగేంత టైము లేదండి. తర్వాతేమో... బీరువా తడిసి మందులు కొన్ని పాడయ్యాయి. ఈవిడకి చెబితే తిడతారని చెప్పలేదు. ఆ ఖర్చు కమిటీకి చెప్పానండి."

పెద్దమ్మ గుండె భగ్గుమంది. ఆ బీరువా కోసం ఆవిడ ఎన్ని దుకాణాల్లో కూర్చుందో! తిట్టడానికి నోరు తెరవబోయింది. అంతలో ఆఫీసరమ్మ ఇటు తిరిగింది.

"మీకు ఈ సంగతి తెలుసా అమ్మా?"

తెలుసు అనెయ్యొచ్చు. ఒక్క ముక్కతో పరువు నిలబడుతుంది. పెద్దమ్మ నర్సమ్మ వైపు చూసింది. దూది కట్ట విప్పడానికి కూడా ఒకప్పుడు తన మొహం చూసేది ఈ మనిషి. అలాంటిది బడి తాళం పగలగొట్టించింది. కోపం ఎటు పోయిందో పోయింది. కడుపున పుట్టిన బిడ్డ గెలిచి వచ్చినట్టు ఒళ్ళు పులకరించింది.

"తెలియదమ్మా. ఇప్పుడే వింటున్నా" అంది. "నేనుంటే ఇంత బాగా జరిగేది కాదు. ఆ బీరువాని కాచుకుంటూ కూర్చునేదాన్నేమో."

ఆఫీసరమ్మ పెన్ను సంచిలో పెట్టుకుంది. చెల్లెలి కూతురు తల వంచుకుని కళ్ళు తుడుచుకుంటోంది.

ఆ తర్వాత మోకాలు నొప్పితో పెద్దమ్మ కొన్నాళ్ళు ఇల్లు కదల్లేదు. కాస్త నెమ్మదించాక ఆఫీసుకొస్తే వాకిట్లో వ్యాను లేదు. లెక్కలాయన బల్ల మీద కొత్త టైర్ల బిల్లుంది.

"టైర్లెక్కడివయ్యా?"

"గ్రాంటు వచ్చిందిగా పెద్దమ్మా. మూడేళ్ళకి" అన్నాడాయన తల ఎత్తకుండానే.

"ఏ గ్రాంటు?"

గదిలో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "నర్సమ్మ చెప్పిందనుకున్నా" అంది చెల్లెలి కూతురు. "మీరు చెప్పారనుకున్నానండి" అంది నర్సమ్మ. "నన్నెవరూ చెప్పమనలేదు" అన్నాడు లెక్కలాయన. పెద్దమ్మ లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

లోపల ఆవిడ చెల్లెలికి ఫోన్ చేసింది.

"ఏమే, నీ కూతురు నన్ను మర్చిపోయిందే."

"ఏమైందక్కా? ఏడుస్తున్నావా?"

"నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలీట్లేదు. ఇంత పెద్ద గ్రాంటు వస్తే నాకు చెప్పాలని ఒక్కళ్ళకీ గుర్తు రాలేదు. ఎవరి పనుల్లో వాళ్ళున్నారు. వ్యాను డాక్టరమ్మని ఎక్కించుకుని శిబిరానికి వెళ్ళిపోయింది కూడా."

"అయ్యో, దాని పని చెప్తా ఉండు. ఫోన్ దానికియ్యి."

"ఏమీ అనకు దాన్ని" అంది పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "ఈ సంస్థ పెట్టింది నేనే, తెలుసా?"