చెరి ఎనభై అడుగులు

సినిమా సెట్లకు గోడలు కట్టే నర్సింహను కొలతల్లో తప్పు పట్టే మొనగాడు ఫిల్మ్ నగర్‌లో లేడు. ఇరవై ఆరేళ్ల అనుభవం మరి! సెట్‌లో గోడ పొడుగే లెక్క. ఎన్ని అడుగుల గోడ నిలబెడితే అంత పని. గోడల మధ్య నేల ఎంతుందో ఎవడిక్కావాలి?

షేక్‌పేటలో తండ్రి వదిలిన జాగాను కూడా ఆ మహానుభావుడు ఈ లెక్కనే పంచాడు. ముందువైపు ఇరవైకి ఇరవై ఒక వాటా, వెనక ముప్పైకి పది ఇంకో వాటా, పక్కన మిగిలింది ఇద్దరికీ దారి. రెండింటి చుట్టూ టేపు పట్టి, "చెరి ఎనభై అడుగులు. సరిసమానం" అన్నాడు. పెద్దవాడు పంచితే చిన్నవాడు ముందు ఏరుకోవడం వాళ్లింటి పద్ధతి. తమ్ముడు కమలాకర్ ముందు వాటా ఏరుకున్నాడు. రేపే రిజిస్ట్రేషన్.

ఆదివారం పొద్దున, ఆరో తరగతి చదివే కూతురు నవత దారం, అట్టముక్కలు ముందేసుకుని కూర్చుంది. ఒకే దారంతో రెండు రకాల దీర్ఘచతురస్రాలు చేసి, లోపల ముక్కలు పేర్చి చూడమంది మంజులత టీచర్. నవతకేమో సొంత జాగా గుర్తొచ్చింది. ముక్క ఒక్కో పక్క అయిదడుగులనుకుంది.

"బాపూ, గిది చిన్నాయనది. పదహారు ముక్కలు పట్టినయ్. గిది మనది. పన్నెండే పట్టినయ్. దారం మాత్రం ఒక్కటే!"

"సరిగ్గ పేర్చు. నడుమ జాగ ఇడిసినవేమో."

తనే కూర్చుని పేర్చాడు. ఎంత దగ్గరికి నెట్టినా పదమూడో ముక్కకు చోటు లేదు. నాలుగు ముక్కలంటే నూరు చదరపు అడుగులు. నవతకు చదువుకోవడానికి ఇస్తానన్న గది అంతే ఉంటుంది.

నర్సింహ చేతిలోని ముక్క కింద పెట్టేశాడు. ఛీ, ఏం బతుకు! రేపు పెద్దమనుషుల ముందు నాకు కొలతలు రావని ఒప్పుకోవాలా? ఒప్పుకోకపోతే పిల్ల గది పోతుంది. సిగ్గు చంపుకుని, జూబ్లీహిల్స్‌లో ఓ కొత్త బంగళాకు బండలు పరుస్తున్న తమ్ముడి దగ్గరికి బండి తీశాడు.

"తమ్మీ, తప్పయిందిరా. చుట్టూతా కొలిచిన గానీ లోపలి జాగ సూడలె. నీ దిక్కు నూరడుగులు ఎక్కువొచ్చింది."

కమలాకర్ చేతిలో పని ఆపలేదు. "తెల్సు."

"తెల్సా?"

"చదరపు అడుగుల లెక్కన బండలేసేటోన్ని అన్నా. సూడంగనే తెల్సింది. నువ్వు కొలిచినవ్, నేను ఏరుకున్న. అయిపాయె."

తప్పంతా తనదేనని కుమిలిపోతూ వచ్చాడు నర్సింహ.

"కొలిచినంక ఆ దినం నా ఇంట్లనే కూసొని బువ్వ తిన్నవ్ గదరా" అన్నాడు.

తమ్ముడు తలెత్తలేదు. "రేపు సంతకం పెడ్తవా లేదా? పెట్టకుంటే నాకు అన్న లేడనుకుంట."

"పెట్టను. నాకు కొలుసుడు రాదని అందరి ముందట నేనే చెప్త."

ఆ మాట అనేశాడు గానీ, చంకనేసుకుని పెంచిన తమ్ముడు! నర్సింహ బయటికొచ్చాడు. వెనక నుంచి పిలుస్తాడేమోనని గేటు దగ్గర కాసేపు నిలబడ్డాడు. కమలాకర్ పిలవలేదు.