పలకని పేరు

మనవడు పుట్టాడని తెలిసిన దగ్గర్నుంచి సుభాని కాళ్ళు నేల మీద నిలవలేదు. తంగెళ్ళమూడిలో తివాచీ నేతకు పేరుపడ్డ మనిషి, ఆ రోజు మగ్గం వైపు తొంగి కూడా చూడలేదు. వీధిలో పోయేవాళ్ళందరినీ పిలిచి మరీ పటికబెల్లం పెట్టాడు. తండ్రి ఉమర్ సాహెబ్ పోయి ఇంకా ఏడాది తిరగలేదు. మగవాడు పుడితే ఆయన పేరే పెట్టాలని, కూతురు రజియా పురిటికి వచ్చిననాడే నిశ్చయించుకున్నాడు.

మధ్యాహ్నానికి వియ్యంకుడు కాజిం ఆలీ ఆకివీడు నుంచి కొల్లేరు మీద పడవలో వచ్చాడు. అత్తరు, సాంబ్రాణి అమ్ముకునే నెమ్మదస్తుడు. బిడ్డ చెవిలో అజాన్ చెప్పే గౌరవం ఆయనకే ఇవ్వాలని సుభాని అప్పటిదాకా ఆగాడు.

"కానివ్వండి బావగారూ. మీరుండగా నేనెందుకండీ," అన్నాడు.

పురిటిగది గుమ్మం దగ్గర చాప మీద సుభాని తల్లి సాబిరా కూర్చుని ఉంది. వయసు మీద పడింది, దానికి తోడు భుజం మంచిది కాదు. మునిమనవణ్ణి ఆమే జాగ్రత్తగా ఎత్తి కాజిం ఆలీ చేతుల్లో పెట్టింది.

కాజిం ఆలీ బిడ్డ కుడిచెవి దగ్గర వంగి అజాన్ మొదలుపెట్టాడు. సుభాని కళ్ళు మూసుకుని, ఒక్కొక్క మాటా తనలో తాను అనుకుంటున్నాడు. అల్లాహ్ ఒక్కడేనన్న సాక్ష్యం అయింది. ముహమ్మద్ ఆయన ప్రవక్త అన్న సాక్ష్యమూ అయింది. ఆ తర్వాత నమాజుకు రమ్మనే పిలుపు రావాలి. అది రాలేదు. ఆలీ అల్లాహ్‌ నియమించిన వలీ, అంటే సంరక్షకుడు, అంటూ ఇంకో సాక్ష్యం వచ్చింది.

సుభాని కళ్ళు తెరిచాడు. పొరపాటున అన్నాడేమోనని చూస్తే, ఆయన తడబడకుండా అజాన్ పూర్తి చేసి బిడ్డ నుదురు ముద్దుపెట్టుకుంటున్నాడు. రజియా మాత్రం తల వంచుకుంది. పిల్లకు ముందే తెలుసన్నమాట!

"బావగారూ, మీరు షియాలా?"

"అవునండీ."

"పెళ్ళికి ముందు ఒక్క మాట చెప్పకూడదాండీ?"

"మీరు అడగలేదండీ. పీర్ల పండక్కి మనం పక్కపక్కన నిలబడే ఏడ్చాం కదా. మీకు తెలుసనుకున్నాను."

తెలుసనుకున్నాడట! ఈ చుట్టుపక్కల పీర్ల దగ్గర కన్నీళ్ళు పెట్టనిదెవరు? కొల్లేట్లో చేపలు పట్టే ముత్యాలరావు కూడా ఏటేటా పీరు ఎత్తుకుని నిప్పుల గుండం చుట్టూ తిరుగుతాడు. అంతమాత్రాన అతగాడు షియా అయిపోయాడా?

సుభాని ముందుకొచ్చి బిడ్డను లాక్కున్నంత పని చేశాడు.

"వీడి పేరు ఉమర్. మా నాన్న పేరు. మీకేమైనా అభ్యంతరమా?"

కాజిం ఆలీ ముఖం పాలిపోయింది. "మీ నాన్నగారంటే నాకు గౌరవమేనండీ. కానీ ఆ పేరు మా ఇంట్లో పలకరు. ప్రవక్తగారు చివరి హజ్ నుంచి వస్తూ, గదీర్ చెరువు దగ్గర అల్లుడు ఆలీగారి చెయ్యి పైకెత్తి, నేనెవరికి మౌలానో, అంటే ఏలికనో, ఆలీ కూడా వారికి మౌలా అన్నారు. తన తర్వాత ఎవరో అప్పుడే చూపించారు కదండీ. ఆ స్థానంలో ముందు ఆ పేరుగలాయనా, వేరేవాళ్ళూ కూర్చున్నారని మా వాళ్ళ బాధ."

"ఆ మాట మేమూ కాదనమండీ. ఆలీగారిని ప్రేమించమని చెప్పిన మాట అది. ప్రవక్తగారు పోయాక పెద్దలు కూర్చుని అబూబకర్‌గారిని ఎన్నుకున్నారు. తర్వాత ఉమర్‌గారు, ఉస్మాన్‌గారు, ఆపైన ఆలీగారు. ఆలీగారే వాళ్ళ చేతిలో చెయ్యి వేసి ఒప్పుకున్నాక మధ్యలో మనకేంటండీ బాధ?"

"తన వాళ్ళు తన్నుకు చావకూడదని ఓర్చుకున్నారండీ. హక్కు లేక కాదు."

"అయితే మా నాన్న పేరు పలకని ఇంటికి నా కూతుర్ని పంపను. అది ఈ గడప దాటదు. వీడూ దాటడు!"

రజియా ఘొల్లుమంది. కాజిం ఆలీ చెప్పులు వెతుక్కుంటున్నాడు.

"ఆగు నాయనా," అంది సాబిరా. "ఒరే సుభానీ, ఇందాక ఆయన అజాన్‌లో చెప్పిన ఆ మాటే, నేను పుట్టినప్పుడు మా నాన్న నా చెవిలో చెప్పాడు."

సుభానికి మాట అర్థమైంది గానీ మనసుకెక్కలేదు. "ఏంటమ్మా నువ్వనేది?"

"బందరు ఉప్పెనలో మా వాళ్ళంతా కొట్టుకుపోతే, మీ నాన్నను కన్న తాత నన్ను ఇక్కడికి తెచ్చి పెంచాడు. మా అమ్మ నేర్పిన నమాజు నేను మానలేదు."

"మరి భుజం విరగబట్టే నమాజులో చేతులు కట్టుకోవన్నారే?"

"నా భుజానికేమీ కాలేదు. మా నమాజులో మీలా గుండెల మీద చేతులు కట్టుకోం, పక్కకు వదిలేస్తాం. నలుగురూ అడుగుతారని, మగ్గం దూలం పడి విరిగిందని మీ నాన్నే చెప్పాడు."

సుభాని చతికిలబడ్డాడు. చిన్నప్పటి నుంచీ ఆ భుజానికి ఆముదం కాచి రాసింది తనే. పక్కనే కూర్చుని, ఇంకాస్త పైన రాయరా అని చెప్పింది నాన్న. ఆ మహానుభావుడు ఎంత ముచ్చటగా అబద్ధమాడాడు!

"నాన్నకు తెలిసే..."

"తెలిసే ఏలుకున్నాడు. ఆయన పేరు నేనేనాడూ పలకలేదు. ఆడది మొగుడి పేరు చెప్పదు కదా అని ఊరంతా అనుకుంది. నాకూ ఆ వంకే చాటైంది. ఎందుకు పలకనో ఆయనకు తెలుసు. ఒక్కసారైనా పలకమనలేదు. పోయే ముందు మాత్రం నా ముఖంలోకి చూశాడు. పిలుద్దామనుకున్నాను. నోరు పెగల్లేదురా."

కాజిం ఆలీ చేతిలో చెప్పులు అలాగే ఉన్నాయి. సుభాని ఏడుస్తున్నాడు. తల్లి మీద కోపం రావాలో, తండ్రి మీద రావాలో, తన మీదే రావాలో అతనికి తెలియలేదు.

"తల్లినీ బిడ్డనూ వాళ్ళింటికి పంపించు," అంది సాబిరా. "నువ్వు ఆపితే, మీ నాన్న నన్ను ఏలుకోవడం తప్పన్నట్టే. వాళ్ళింట్లో ఏ పేరు పెట్టుకుంటారో పెట్టుకోనీ. వాణ్ణి ఒక్కసారి ఇలా తే."

సుభాని లేచి బిడ్డను తల్లి ఒళ్ళో పెట్టాడు. ఆమె పెదవులు వణికాయి. మొదట గాలే వచ్చింది. మళ్ళీ ప్రయత్నించింది.

"ఉమర్," అని పిలిచింది. "వచ్చావా?"