మైనంలో ఒక పోగు

నేను ఒక మైనపు దిమ్మెను. అగ్గిపెట్టెలో సగం ఉంటాను. వీపుకు ప్లాస్టిక్ జల్లెడ, దాని అంచున ఒక నంబరు. లోవలక్ష్మి ఊపిరితిత్తి నుంచి సూదితో లాగిన పోగు నా కడుపులో ఉండేది. దారం కన్నా కాస్త లావు, రెండు మెతుకుల పొడవు.

కాకినాడలో ఒక ల్యాబులో పుట్టాను. కరిగించిన నన్ను ఆ పోగు మీద పోసి, చల్లార్చి, బ్లేడుతో పొరలు పొరలుగా కోశారు. ఆ పొరల్ని గాజు పలకల మీద పరిచి, రంగులద్ది చూసి, క్యాన్సర్ అని తేల్చారు. ఏ మందు పనిచేస్తుందో చెప్పే పరీక్ష నాలో మిగిలిన పోగుతో హైదరాబాదులో చేయాలి. మళ్ళీ సూది గుచ్చే వీల్లేదు. మొదటిసారికే ఊపిరితిత్తి ముడుచుకుపోయి ఆమె చావు దాకా వెళ్ళొచ్చింది. ఆమెకు మిగిలిన దారి నేనొక్కదాన్నే.

ఆమె భర్త సూరిబాబు ట్యాక్సీ తోలతాడు. నన్ను అతని చేతిలో పెడుతూ, "ఈ బ్లాకు అక్కడ ఇచ్చెయ్యండి. చాలా జాగ్రత్తండీ" అంది ల్యాబు అమ్మాయి. దేని నుంచి జాగ్రత్తో ఆమె చెప్పలేదు. లోపల ఏముందో అతను అడగలేదు. ఇద్దరూ అంతా అర్థమైనట్టు తలలూపుకున్నారు. మనుషులకిది అలవాటే.

కారెక్కగానే నన్ను డ్యాష్‌బోర్డు మీద తలుపులమ్మ పటం ముందు పెట్టాడు. "నీ కాళ్ళ దగ్గర పెట్టేనమ్మా. ఇంక నీదే బారం."

మే నెల. సూర్యాపేట దాటాక కారు ఎండలో ఆపి, అద్దాలు బిగించి, భోజనానికి వెళ్ళాడు. అతను పెరుగన్నంలోకి వచ్చేసరికి నేను కరిగిపోయాను.

వచ్చి చూసి, "వోలమ్మో!" అని నెత్తి పట్టుకున్నాడు. ఏసీ వేశాడు. గట్టిపడగానే నన్ను గోటితో గీకి గీకి ఎత్తాడు. నా మధ్యలో తెల్లటి పోగు కనిపించింది. చెత్త అనుకున్నాడు. బొటనవేలి గోటితో లాగి, కిటికీలోంచి విదిలించాడు. అరవడానికి నాకు నోరేది? తర్వాత నన్ను జల్లెడ మీద అద్ది, చదును చేసి, చొక్కా అంచుతో తుడిచాడు. నేనెప్పుడూ అంత శుభ్రంగా లేను.

హైదరాబాదు ల్యాబులో నన్ను దీపం కింద తిప్పి తిప్పి చూశారు.

"దీంట్ల ఊపిరితిత్తి ముక్క లేదు గదన్నా. ఉత్త మైనమే ఉంది."

"కరిగిందండి. కానీ మొత్తం ఎత్తేనండి, బొట్టు కూడా వదల్లేదు. అందులో చెత్తుంటే కూడా ఏరేసేను."

"ఏం చెత్త?"

"ఏదో పోగండి. తెల్లగా..."

సూరిబాబు తన బొటనవేలి గోటినే చూస్తూ నిలబడ్డాడు. ఎదుటి మనిషి తల దించుకున్నాడు.

జేబులో ఫోను మోగింది.

"ఏవండీ, ఇచ్చేసేరా?"

"ఇచ్చేసేనే."

"మరి ఏవైనా తిన్నారా?"

"తిన్నాను" అన్నాడు.

నన్ను చెత్తబుట్టలో వేశారు. నా అంచున ఆమె నంబరు చెక్కు చెదరలేదు. బయట ట్యాక్సీ ఇంకా కదల్లేదు.