కడుపు నిండాక వేసుకోవలసిన మందు

జుసారా చేతికి రబ్బరు తొడుగు వేసుకుని, క్యాప్సూల్ విప్పి, అందులోని మందును కోడి కాలేయం ముక్కల్లో కలిపింది. గిన్నెను పిల్లి పిపోకా ముందు పెట్టి, దాని పక్కనే పీట వేసుకుని కూర్చుంది. అది సగంలో లేచిపోతే మందు దండగ. గిన్నె ఖాళీ అయ్యేదాకా మాటలు చెబుతూ కూర్చోవడం నాలుగు నెలలుగా అలవాటైంది.

అప్పట్లో దాని ముక్కు మీద పుండు కడగబోతే గీరింది. ముందు జుసారా వేలి మీద కురుపు లేచింది, తర్వాత మోచేతి దాకా పూసలు గుచ్చినట్టు గడ్డలు. ఇద్దరిదీ ఒకటే బూజు తెగులు, ఒకటే మందు.

"అయితే ఇద్దరూ ఒకే గిన్నెలో తినండి," అని నవ్వాడు భర్త వాల్దెసిర్.

"ఆ చేత్తో నా గ్లాసు ముట్టుకోకమ్మాయ్," అంది అత్తగారు ఒదేచి. ఆ చేత్తో వండిన నల్ల చిక్కుళ్లు మాత్రం మారు వడ్డించుకుంది.

ఇప్పుడు పిపోకా ముక్కు మీద కొత్త వెంట్రుకలు. జుసారా మోచేతి దగ్గర ఇంకో గడ్డ.

నిన్న ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ లీవియా ఆ గడ్డను నొక్కి చూసింది. "ఈ జాతి మందు బూజును ఒక్క దెబ్బకు చంపదు. పొర కట్టుకోవడానికి దానికి కావలసిన సరుకు తయారు కానివ్వదు, అంతే. అందుకే నెలలు పడుతుంది. ఎముకకు దిగితే మాత్రం సెలైన్‌లో ఎక్కించే జాతి వాడాలి. అది ఉన్న పొరకే కన్నాలు పొడుస్తుంది. కాని నీ కిడ్నీలకూ చేటే. ఇంకో నెల చూస్తాను." ఆగి అడిగింది. "కడుపు నిండా తిన్న వెంటనే వేసుకుంటున్నావా? ఖాళీ కడుపుతో వేసుకుంటే ఒంటికి పట్టదు."

"భోజనాలయ్యాకే డాక్టరమ్మా," అంది జుసారా.

అబద్ధం కాదు. భోజనాలు అయ్యేవి. వాళ్లవి. తర్వాత పొయ్యి దగ్గర నిలబడి, వాల్దెసిర్ వదిలేసిన మాంసం ముక్క, గిన్నె అడుగున గీకిన అన్నం, రెండు గుక్కల చల్లారిన కాఫీ, ఆపైన మందు. పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో ఎవరూ ఆమెను తినొద్దనలేదు. అందుకే ఎవరితోనూ చెప్పుకోవడానికి లేదు. "నువ్వూ కూర్చోవోయ్," అంటూనే, "లేచావుగా, ఆ అన్నంలో చల్లుకునే వేయించిన పిండి ఇటు పట్రా," అంటాడు వాల్దెసిర్. అప్పటికామె కూర్చుని కూడా ఉండదు.

పిల్లి గిన్నె అంచు నాకుతోంది. జుసారా దాన్నే చూస్తూ ఉండిపోయింది. ఈ ఇంట్లో పక్కన ఒక మనిషి కూర్చుని కడుపునిండా తినిపించింది దీనికొక్కదానికే.

మధ్యాహ్నం బల్ల మీద అన్నీ సర్దింది. అంతకుముందే కుండ పైనుంచి, ఇంకా ఎవరూ గరిటె పెట్టని చిక్కుళ్లు, అన్నం, పెద్ద మాంసం ముక్క ఒక పళ్లెంలో పెట్టుకుంది. బల్ల దగ్గర కూర్చునే ధైర్యం రాలేదు. పళ్లెం, మందు పట్టుకుని బట్టలుతికే పెరట్లోకి వెళ్లి, పిపోకా పక్కన నేల మీద కూర్చుని తలుపు గడియ పెట్టుకుంది. రాత్రికి ఏం చేస్తుందో తనకే తెలీదు.

"జుసారా, ఉప్పేదీ?" లోపల్నుంచి వాల్దెసిర్ గొంతు.

కాసేపాగి మళ్లీ, "ఏమే, నిన్నే."

ఆమె ఇంకో ముద్ద కలుపుకుంది. నోట్లో అన్నం ఉంది.