ఉన్నాడులే

భీమశంకరానికి దేవుడి మీద భక్తి లేదు, నమ్మకం అసలే లేదు. దేవుడు ఉన్నాడని తెలుసు, అంతే. రిటైరయ్యేదాకా బందరు కాలేజీలో తర్కం చెప్పిన మనిషి. కుండను చూసి కుమ్మరి ఉన్నాడని ఒప్పుకునేవాడు, లోకాన్ని చూసి కర్త ఉన్నాడని ఒప్పుకోక ఏం చేస్తాడు అని బల్ల గుద్ది అడిగేవాడు. గుడికి మాత్రం వెళ్ళేవాడు కాదు. ఎవరికైనా కష్టమొస్తే నలుగురూ "దేవుడున్నాడులే" అంటారు కదా, ఆ మాట ఆయన నోట ఒక్కనాడూ రాలేదు. "ఉన్నాడు, సరే. ఆ చివర 'లే'కి హేతువేమిటి?" అని ఎదురడిగేవాడు. ఇలాంటి మనిషిని ఓదార్పుకి ఎవరు పిలుస్తారు?

చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగలు చేసే మాబు ఆయనకి సాయంత్రాల స్నేహితుడు. "దేవుణ్ణి బోనులో నిలబెట్టి రుజువు చేశారు గానీ మాస్టారూ, ఒక్కసారీ కూర్చోమనలేదండీ" అని నవ్వేవాడు.

ఆ రోజు ఆయన గుడివాడలో, స్కానింగ్ సెంటర్ బయట బెంచీ మీద ఉన్నాడు. పక్కన కూతురు ఉమాశ్రీ. ఏడో నెల. పొద్దున లేచినప్పట్నుంచీ కడుపులో బిడ్డ కదల్లేదు. ఇంతకుముందు రెండుసార్లు ఇలాగే కదలిక ఆగిపోయి, ఒట్టి చేతులతో ఇంటికొచ్చిన పిల్ల. తల్లి సీతారత్నం పుట్టలో పాలు పోసి మొక్కుకోవడానికి మోపిదేవి వెళ్ళింది. అల్లుడు శశాంక్ విజయవాడ నుంచి బయల్దేరి ఇంకా దారిలోనే ఉన్నాడు. తోడుకి తండ్రి ఒక్కడే మిగిలాడు.

"నాన్నా, దేవుడున్నాడా?" అంది ఉమాశ్రీ.

ఆయనకి ప్రాణం లేచొచ్చింది. తెలిసిన ప్రశ్న! "ఉన్నాడమ్మా. కారణం లేకుండా కార్యం..."

"పాఠం వద్దు నాన్నా. అందరి నాన్నలూ అన్నట్టు అను."

తను రుజువు చేసిన దేవుడు లోకాన్ని చేశాడు, నిజమే. ఈ బిడ్డను కాపాడతాడని రుజువెక్కడ? కుమ్మరి చేసిన కుండలన్నీ నిలుస్తాయా? ఎంత వెతికినా ఒక్క హేతువూ దొరకలేదు. భయమేసింది. ఇన్నేళ్ళూ తను పట్టుకు తిరిగింది ఇంత పనికిమాలినదా అని ఏడుపొచ్చింది.

"దేవుడున్నాడులే అమ్మా" అన్నాడు, అబద్ధమాడుతున్నానని తెలిసే.

ఉమాశ్రీ కళ్ళు మూసుకుని ఆయన భుజానికి ఆనుకుంది. అంతలో నర్సు వచ్చి లోపలికి తీసుకెళ్ళింది. ఆయన్ని బయటే ఉండమంది. దణ్ణం పెట్టుకుందామని చేతులు ఎత్తబోయాడు. ఎవరికి పెట్టాలో తోచక మళ్ళీ దించేసుకున్నాడు.

కాసేపటికి ఉమాశ్రీ నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. "గుండె కొట్టుకుంటోంది నాన్నా! నాకు వినిపించారు కూడా. నేను బల్లెక్కి పడుకోగానే ఒక్క తన్ను తన్నింది. నువ్వన్నావు, కదిలింది!"

ఆయన సంతోషంతో కూతురి తల నిమిరాడు. కానీ ఆ పాడు బుర్ర ఊరుకోదు కదా. ఒకటి ముందు, ఒకటి తర్వాత జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదు, కాకతాళీయం. ఏటా పిల్లలకి చెప్పిన పాఠమే, నాలుక చివరిదాకా వచ్చింది. కూతురి మొహం చూసి మింగేశాడు. పోనీ, నమ్మనీ అనుకున్నాడు.

బయటికొచ్చి ఆటో పిలిచాడు. ఎక్కబోతూ ఉమాశ్రీ ఆగిపోయింది. మొహంలో నవ్వు మెల్లగా తగ్గింది. తండ్రి వంక కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"ముందు రెండుసార్లూ నా పక్కనే ఉన్నావు కదా నాన్నా" అంది. "అప్పుడెందుకు అనలేదు ఆ మాట?"