గృహప్రవేశంలో రెక్కల మొసలి

ధనుంజయరావుకు పత్తి రేటు మీద, ప్రభుత్వం మీద ఎన్ని అభిప్రాయాలున్నాయో, తమ్ముడి కూతురు ప్రత్యూష చేసే మట్టిబొమ్మల మీద అంతకు రెట్టింపు ఉన్నాయి. అడగక్కర్లేదు, ఆయనే చెబుతాడు. నరసరావుపేటలో డిగ్రీ చదివిన పిల్ల వినాయకుణ్ణి చెయ్యొచ్చు, బుద్ధుణ్ణి చెయ్యొచ్చు. ఇది మాత్రం కొమ్ముల కప్పలూ గుడ్లగూబ ముఖం పులులూ చేసి, ఫోన్లో ఫోటోలు పెట్టి, ఊరుగాని ఊరివాళ్లకు అమ్ముకుంటుంది.

"ఏందే ఇయ్యి? చూస్తే తిన్నది ఒంటబట్టేట్టు లేదు," అంటాడు వచ్చినప్పుడల్లా. అంటూనే రెండో గ్లాసు మజ్జిగ అడుగుతాడు.

పెద్దవాడు గదా అని ప్రత్యూష నోరు మూసుకునేది గానీ లోపల భగ్గున మండేది. ఇంట్లో ఒక్కరైనా తన బొమ్మను ఒక్కసారి తేరిపార చూస్తే చాలుననిపించేది.

ఈసారి రెక్కల మొసలిని చేసింది. పొలుసు పొలుసూ పుల్లతో గీసి, నీడన ఆరబెట్టి, కుమ్మరి ఆవంలో కాల్పించి, రంగులు వేసింది. విజయవాడ ప్రదర్శనవాళ్లకు ఫోటో పంపితే ఎంపిక చేశారు. సోమవారం బొమ్మతో వస్తేనే చోటు, లేకపోతే లేదన్నారు. శనివారం రంగు ఆరడానికి మొసలిని వసారాలో పెట్టి బజారుకు వెళ్లొచ్చేసరికి అది లేదు.

"మీ పెదనాన్న పట్టుకుపోయాడే," అంది తల్లి శేషారత్నం, తీరిగ్గా చిక్కుళ్లు తుంచుకుంటూ. "రేపు గృహప్రవేశం గదా, దిష్టిబొమ్మ కావాలంట. బజారంతా తిరిగినా ఇంత వికారమైంది దొరకలేదంట."

"ఇచ్చేశావా అమ్మా!"

"పెద్దాయన నోరు తెరిచి అడిగితే లేదంటామా? ఇంకోటి చేసుకో."

ప్రత్యూష కొత్తింటికి పరుగెత్తింది. అప్పటికే మొసలి గేటు పైన ఇనుప తీగతో వేలాడుతోంది, మెడలో నిమ్మకాయలూ ఎండుమిరపకాయలూ. పిల్ల ఏడ్చింది, బతిమాలింది.

"కట్టిన దిష్టిబొమ్మను విప్పగూడదే, ఇంటికి అరిష్టం," అన్నాడు ధనుంజయరావు. "ఇన్నాళ్లకు నీ బొమ్మకు ఒక పని దొరికింది, సంతోషించు."

ఆదివారం బంధుబలగం దిగింది. ధనుంజయరావు ఆ ఇంటికి పెట్టని హంగు లేదు. హాల్లో సీలింగు రంగులు మారుస్తుంది, గుమ్మానికి చెక్కిన నెమళ్లు, మెట్లకు నల్లరాయి. ఇదంతా ముఖ్యంగా వియ్యంకుడు ప్రభాకరరావు కడుపు మండడానికి. ప్రభాకరరావు కారు దిగాడు, తలెత్తాడు, గేటు దగ్గరే నిలబడిపోయాడు.

"ఆ రెక్కలేంది బావగారూ! ఎగిరేట్టే ఉందే! ఎవరు చేశారు?"

వచ్చినవాళ్లంతా అక్కడే ఆగారు. ఫోన్లు పైకి లేచాయి. పిల్లల్ని ఎత్తుకుని ఫోటోలు, కొత్త జంటలకు ఫోటోలు. గేటు నుంచి భోజనాలకు, భోజనాల నుంచి మళ్లీ గేటుకు. ఇంటి మీద పడే కళ్లను తన మీదికి లాక్కోవడమే దిష్టిబొమ్మ పని. ఈ మొసలి ఆ పని నిష్ఠగా చేసింది, ఒక్క కన్నును కూడా ఇంటికి వదల్లేదు. కానీ ధనుంజయరావు కోరిక వేరు. ఇంటికి దిష్టి తగలకూడదు, చూసినవాళ్లు మాత్రం కుళ్లి చావాలి.

మధ్యాహ్నం దాటాక ఆయన ఇక తట్టుకోలేకపోయాడు. స్టూలెక్కి, పట్టుకారుతో తీగ తనే తెంపి, మొసలిని ప్రత్యూష చేతుల్లో పెట్టాడు.

"తీసుకుపోవే దీన్ని."

"అరిష్టమన్నావు గదా పెదనాన్నా?"

"ఇంతకన్నా అరిష్టం ఏముందే? పొద్దుటి నుంచి ఒక్కడు గూడా సీలింగు చూళ్లా!" ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నాకు ఇంకోటి చేసిపెట్టు. ఇంత బాగా మాత్రం చెయ్యమాక."

ప్రత్యూషకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. మొసలి మెడలోని నిమ్మకాయల దండ తీసి ఆయన చేతికిచ్చింది.

"బాగా చెయ్యకపోవడం నాకు రాదు పెదనాన్నా. గుమ్మడికాయ కట్టుకో."