ఎర్రముక్క చూడు

మూడో తరగతికి రోజూ చివరి పీరియడు నాదే. గెంతడం, ఒంటికాలి మీద నిలబడడం, బంతి విసరడం, పట్టుకోవడం. పిల్లల ఒళ్ళు చురుగ్గా ఉండాలని బడిలో కొత్తగా పెట్టిన కసరత్తు ఇది. ఆ పీరియడు అంతకుముందు లెక్కల టీచరుది కావడంతో, ఆవిడ నన్ను చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకుంటోంది. పోసుకోనీ.

క్లాసులో అందరికంటే చిన్నపిల్లని అందరూ పిచ్చుక అంటారు. బంతి తన వైపు వస్తే చాలు, కళ్ళు గట్టిగా మూసుకుని చేతులు ముఖానికి అడ్డం పెట్టుకుంటుంది. బంతి వెళ్ళి దానికి తగలడం, మిగతావాళ్ళు పగలబడి నవ్వడం. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం! ఆ నవ్వు వింటే నాకు ఒళ్ళు మండేది. రబ్బరు బంతి పక్కన పెట్టి, పాతగుడ్డలతో మెత్తటి బంతి ఒకటి చేశాను. దాని మీద ఎర్రముక్క కుట్టాను. నా కుట్టు చూసి నాకే సిగ్గేసింది గానీ, పని జరిగితే చాలు.

"బంతి సంగతి మర్చిపో. ఎర్రముక్కనే చూడు" అని పిచ్చుకకు రోజూ చెప్పేదాన్ని. ఒప్పజెప్పమంటే పొల్లుపోకుండా ఒప్పజెప్పేది. బంతి వేస్తే మాత్రం మళ్ళీ కళ్ళు మూతే.

వాళ్ళమ్మ బట్టలు కుడుతుంది. కూతుర్ని తీసుకెళ్ళడానికి ముందే వచ్చి, గేటు దగ్గర నిలబడి "అమ్మో, తలకి తగుల్తుందే!" అని కేకలు పెడుతుంది. ఒకరోజు తిన్నగా లోపలికే వచ్చేసింది.

"టీచర్, రేపట్నుంచి దీన్ని బెంచీ మీద కూర్చోబెట్టెయ్యండి. పెద్ద టీచర్ని అడిగాను, మీరు సరే అంటే చాలన్నారు. నేనూ చిన్నప్పుడు ఇంతే. మా వంశంలోనే లేదండీ ఈ ఆటలూ అవీ." అప్పటికే పిల్ల సంచి కూడా తన భుజాన వేసేసుకుంది.

పిచ్చుక తల వంచుకుంది. ఒకసారి బెంచీ ఎక్కిన పిల్ల మళ్ళీ దిగదు. నా ప్రాణం ఉసూరుమంది, ఆ వెంటనే కోపమూ వచ్చింది.

"సరేనమ్మా. వెళ్ళేముందు మీరొక్కసారి పట్టుకోండి చూద్దాం" అని బంతి పిచ్చుక చేతికిచ్చాను.

పిల్ల మెల్లిగా విసిరింది. తల్లి కళ్ళు గట్టిగా మూసుకుని, చేతులు ముఖానికి అడ్డం పెట్టుకుంది. అచ్చు గుద్దినట్టు! బంతి మోచేతికి తగిలి కింద పడింది. క్లాసంతా ఘొల్లుమంది. నాకూ నవ్వాగలేదు.

పిచ్చుక మాత్రం నవ్వలేదు. దానికి చిర్రెత్తుకొచ్చింది.

"కళ్ళు మూసుకుంటే ఎలా అమ్మా? ఎర్రముక్క చూడాలి!"

"ఎర్రముక్కేంటే? ఎక్కడుందీ?" తల్లి చికాకుగా బంతి తీసి వెనక్కి విసిరింది.

"ఇదిగో, ఇక్కడ! కనబడట్లా?" వస్తున్న బంతిని రెండు చేతులా పట్టుకుని, వేలితో చూపించింది పిచ్చుక.

క్లాసు చప్పున సద్దుమణిగింది. ఏం చేసిందో అందరికీ తెలిసింది, దానికి తప్ప. నాకు కళ్ళనీళ్ళ పర్యంతమైంది. తల్లి నోరు తెరవబోతే, మాట్లాడొద్దని చేత్తో సైగ చేశాను.

"ఈసారన్నా చూస్తావా?" పిల్ల గద్దించింది.

తల్లి భుజాన ఉన్న సంచులు దించి గోడవారగా పెట్టింది. నా పక్కకి వచ్చి, గొంతు తగ్గించి, "కూర్చోబెట్టే మాట మర్చిపోండి టీచర్" అంది.

తర్వాత కూతురికి ఎదురుగా వెళ్ళి, కళ్ళు ఇంతింత చేసుకుని నిలబడింది.

"ఊఁ, వెయ్యవే!"